చెప్పకుండా వెళ్ళిన మంగళవారం

మా అమ్మమ్మ వెర్నా సాయం కోసం గంట కొడితే ఎవరూ రారేమోనన్నదే నాకన్నిటికన్నా పెద్ద భయంగా ఉండేది. ఆమెని వృద్ధుల హోమ్‌లో చేర్చింది నేనే.

అప్పుడు నాకు కడుపులో ఒకరు, చంకలో ఒకరు. వృద్ధుల హోమ్‌లు వెతికిపెట్టే సైట్‌లో నంబరిస్తే డయాన్ అనే ఆవిడ ఫోన్ చేసి, "నీకెందుకమ్మా బెంగ, ఖర్చేం లేదు, నేనున్నాగా" అంది. మంచి ఫోటోలు పంపింది. ఆ హోమ్ మీద మా ఒహాయో రాష్ట్ర ప్రభుత్వం రాసిన తనిఖీ రిపోర్టు కూడా నెట్‌లో ఉంది. పదో తరగతిలో బడి మానేసినదాన్ని, పెద్ద పెద్ద మాటలు చూసి మూసేశాను.

ఆదివారాలు ఫోన్ చేసి వెళ్ళేదాన్ని. అమ్మమ్మ లిప్‌స్టిక్ వేసుకుని కూర్చునేది. మొన్న మంగళవారం చెప్పకుండా వెళ్ళాను. పొద్దున పదకొండైనా తడి నైటీలోనే ఉంది. సాయానికి పిలవడానికి లాగే గంట తాడు ఆమెకందకుండా పైకి ముడేసి ఉంది.

"ఏమే, ఇలా ఊడిపడ్డావు? నాకు రంగు పూసే టైమన్నా ఇవ్వలేదే వాళ్ళకి!" అని నవ్వింది.

"నాకెందుకు చెప్పలేదు?"

"చంటిపిల్లల తల్లివి, నీ బాధలు నీకు లేవా?"

డయాన్‌కి ఫోన్ చేసి, ఆ హోమ్ ఎప్పుడైనా చూశారా అనడిగాను.

"లేదమ్మా. మాతో ఒప్పందమున్నవే చెప్తాం. ఎవరైనా చేరితే ఆ హోమ్‌వాళ్ళు మాకు డబ్బిస్తారు."

అమ్మమ్మని ఇంటికి తెచ్చేశాక ఆ రిపోర్టు కూడబలుక్కుని చదివాను. గంట తాళ్ళు అందకుండా ముడేస్తున్న సంగతి మొదటి పేజీలోనే ఉంది. అమ్మమ్మ మొహం చూడలేకపోతున్నాను.

మీవాళ్ళనెవరినైనా ఇలా ఫోన్‌లోనే కుదిర్చి చేర్చి ఉంటే, ఇవాళే చెప్పకుండా వెళ్ళి చూడండి. ముందు ఆ తాడు చేతికందుతుందో లేదో చూడండి.