పొమ్మన్న నీడ

షాపు షట్టరు ఎత్తగానే కోడలు చేసే మొదటి పని కళ్లజోళ్ల అద్దాలు తుడవడం కాదు, ఫోన్ చూసుకోవడం. ఫోన్లో పచ్చటి కలువ పువ్వు విచ్చుకుని కనిపిస్తే ఇంట్లో మామగారు క్షేమమన్నమాట. ఆయన చేతికున్న కలువ వాచీ పంపే కబురది.

కలువ కంపెనీ అంటే ఆమెకి ప్రాణం. కాలేజీ రోజుల్లో కొన్న మొదటి ఫోన్ దగ్గర్నుంచి ఆమె వాడినవన్నీ ఆ కంపెనీవే. ఆడపడుచు చేత కొనిపించింది, షాపు ఓనరు చేత కొనిపించింది. "మా ఇంట్లో కలువ ఏజెంటుంది, జీతమే లేదు పాపం" అని మొగుడు నవ్వేవాడు.

మామగారు ఒకప్పుడు సిటీ బస్సు డ్రైవరు. మోకాళ్లు అరిగాక బయటికెళ్లడం మానుకున్నారు. ఆయన నీడ మాత్రం మానుకోలేదు. ఆయన కుర్చీలో కునుకు తీస్తే చాలు, తలుపు కింద సందులోంచి జారుకుని ఊరంతా తిరిగొచ్చేది. "మీ మామగారి నీడ బస్టాపులో కూర్చుంది, ఎండ ముదురుతోంది, కాస్త ఇంటికి రమ్మనకూడదూ" అని పక్కింటావిడ అనేది. "చెప్తానండీ" అని కోడలు తన పనిలో పడేది.

పగటిపూట ఆయనకి తోడుగా ఎవరినైనా పెడదామన్నాడు మొగుడు.

"వాచీ ఉండగా మనిషెందుకండీ? పడితే ఆ క్షణంలోనే నాకు ఫోనొస్తుంది. మనిషి పక్కనున్నట్టే" అని కోడలే ఆ మాట కొట్టిపారేసింది.

ఆ రోజు షాపు కిటకిటలాడుతోంది. ఒకావిడ ఏ ఫ్రేము పెట్టుకున్నా ముక్కు పెద్దగా కనబడుతోందని గొడవ చేస్తోంది. అప్పుడు నీడ లోపలికొచ్చింది. ఎన్నడూ షాపు మెట్లెక్కనిది, కౌంటరు ముందు నిలబడి, రోడ్డు వైపు చెయ్యి చూపించింది. కోడలు ఫోన్ చూసింది. పువ్వు పచ్చగా ఉంది.

"ఇప్పుడు కాదు. బేరాలున్నాయి, ఇంటికెళ్లు."

నీడ కదల్లేదు. ఆమె చెయ్యి పట్టుకుని లాగబోయింది.

"వెళ్లమంటుంటే!" అని కసిరింది.

నీడ వెళ్లిపోయింది.

అప్పటికి మామగారు స్నానాలగదిలో పడి ఉన్నారు. ఆయనతో పాటు బస్సులో పనిచేసిన కండక్టరు వచ్చి, తలుపు పగలగొట్టి ఆస్పత్రికి చేర్చాడు. తుంటి ఎముక విరిగింది. కోడలు ఆస్పత్రికి పరుగెడుతున్నప్పుడు కూడా ఫోన్లో పువ్వు పచ్చగానే ఉంది.

కంపెనీకి ఫోన్ చేస్తే, అవతలి గొంతు ఎంతో మర్యాదగా చెప్పింది: "ఆ మోడల్‌కి, పడితే ఫోన్ చేసే సౌకర్యం తీసేశాం మేడమ్. కిందటి అప్‌డేట్‌లో రాశాం, మీరు ఒప్పుకున్నారు కూడా. కొత్త మోడల్లో ఉంది."

నిజమే, ఒప్పుకుంది. కలువ వాళ్లది కదా అని చదవకుండానే బొటనవేలితో నొక్కేసింది.

మొగుడు కంపెనీని తిట్టాడు. ఆడపడుచు అంతకన్నా ఎక్కువ తిట్టింది. కోడలూ గొంతు కలిపింది గానీ నీడ షాపుకొచ్చిన సంగతి ఒక్కరికీ చెప్పలేదు. చెప్పాలని నోరు తెరిచిన ప్రతిసారీ ఎవరో ఒకరు "నీ తప్పేముంది, ఆ దిక్కుమాలిన కంపెనీది గానీ" అనేవాళ్లు. నోరు మూసుకునేది.

ఆపరేషనై ఇంటికొచ్చాక మామగారు నడవడానికి ఇష్టపడలేదు. ఇలాగే ఉంటే ఇక చక్రాల కుర్చీయే గతి అని డాక్టరు తేల్చేశాడు. అయినా ఆయన కదల్లేదు, చేతి వాచీ కూడా తియ్యలేదు.

"తీసేయండి మామయ్యగారూ, ఎందుకూ పనికిరానిది."

"ఉండనీ అమ్మా."



"ఇంకో కంపెనీకి మారిపో, పీడా పోతుంది" అన్నాడు మొగుడు. ఒక మధ్యాహ్నం షాపులో చెప్పి, వీధి చివర కొత్తగా తెరిచిన వేరే కంపెనీ షోరూముకెళ్లింది. ఇన్నేళ్ల కలువని వదిలేస్తున్నానన్న బెంగ కూడా లేదు. అక్కడి అమ్మాయి ఒక వాచీ తీసి ఆమె అరచేతిలో పెట్టింది.

"ఇది కడితే మీరిక నిశ్చింతగా ఉండొచ్చు మేడమ్. మనిషి పక్కనున్నట్టే."

తన మాటే తనకి ఎదురొచ్చేసరికి ఆమె తలెత్తలేకపోయింది. పక్కకి చూస్తే, గాజు తలుపు అవతల మామగారి నీడ పోతోంది. వాచీ బల్ల మీద పెట్టేసి దాని వెనక నడిచింది.

నీడ వెనక్కి చూడలేదు. సందులు దాటి బస్సు డిపో వెనక్కి చేరింది. అక్కడ రిటైరైన డ్రైవర్లూ కండక్టర్లూ క్యారమ్స్ ఆడుతున్నారు. ఒక కుర్చీ ఖాళీగా ఉంది. నీడ అందులో కూర్చుంది. ఆట ఆగలేదు.

"ఇది రోజూ వస్తుందా బాబాయిగారూ?" అని ఆయన్ని ఆస్పత్రికి చేర్చిన కండక్టరుని అడిగింది.

"వాడు రాలేడు కదా, దీన్ని పంపిస్తాడు."

"ఆ రోజు కూడా వచ్చిందా?"

కండక్టరు స్ట్రయికరు పక్కన పెట్టాడు. "ముందు మీ షాపుకే వెళ్లింది తల్లీ, దారిలో మావాళ్లు చూశారు. అక్కణ్ణుంచి ఇక్కడికి పరుగెత్తుకొచ్చింది. అందుకే నేను వెళ్లాను."

"మీ అందరికీ తెలుసా? మరి ఎవరూ ఏమీ అనలేదే!"

"నువ్వే చెబుతావని ఊరుకున్నాం."

ఆమె షాపుకెళ్లకుండా తిన్నగా ఇంటికొచ్చి మామగారి కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది.

"ఆ రోజు నీడ నా దగ్గరికొచ్చింది మామయ్యగారూ. ఫోన్ చూసుకుని నేనే పొమ్మన్నాను."

ఆయన వాచీని వేలితో తడుముకున్నారు.

"తెలుసమ్మా. ఆ తడినేల మీద పడి నీకోసమే చూశాను. కండక్టరు గొంతు వినబడగానే నీమీద పట్టరాని కోపమొచ్చింది. ఇప్పటికీ పూర్తిగా పోలేదు."

"పోనక్కర్లేదు" అంది ఆమె.

ఆయన వాచీ పట్టీ విప్పుకున్నారు. పట్టీ ఉన్నచోట చర్మం తెల్లగా పాలిపోయింది. "ఇది చేతికుంటే అందరూ దీన్నే తిడతారు, నీ జోలికి రారని ఉంచుకున్నాను. ఇక నువ్వే చెప్పేశావు కదా."

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆమె మొగుడికీ చెప్పింది. అతను చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. ఇంకో కంపెనీకి మారే ఊసు ఆ ఇంట్లో మళ్లీ రాలేదు. ఇక మధ్యాహ్నం నుంచే పనికొస్తానని ఆమె ఓనరుతో మాట్లాడుకుంది.

మర్నాడు పొద్దున నీడ తలుపు సందులోంచి జారుకోలేదు. మామగారి కుర్చీ పక్కన గోడ మీదికి పాకి, నిటారుగా నిలబడి, భుజం వంచింది. ఆయన దాన్ని కాసేపు చూశారు. తర్వాత చెయ్యి చాపి దాని భుజం మీద వేసి, పళ్ల బిగువున లేచారు. ఒక అడుగు పడింది. రొప్పుతూ ఇంకో అడుగు వేశారు. నీడ గోడ వెంబడి కదులుతుంటే దాని ఆసరాతో వసారా దాటి, గేటు దాకా వచ్చేశారు. కోడలు వెనకాలే వస్తోంది, ముట్టుకోవడానికి ధైర్యం చాలక.

గేటు దగ్గర ఆయన ఆగి, ఖాళీగా ఉన్న రెండో చెయ్యి పక్కకి చాపారు.

"ఇటువైపు నువ్వు పట్టుకో."

పట్టుకుంది. ఆయన బరువంతా ఆమె భుజం మీద పడింది. తట్టుకుని నిలబడింది.

"ఊఁ, రైట్ చెప్పు మరి. చెప్పందే బండి కదలదు."

"రైట్" అంది కోడలు.