నల్లమద్ది తల్లి

మా సారు, అంటే మా ఇంటాయన మీద నా మొదటి ఫిర్యాదు ఫ్రిజ్ గురించి. పాలు, పెరుగు పెట్టుకోమని మా బాపు కొనిచ్చిండు. ఈయన దాని నిండా ఆకులు పెట్టిండు. పాలమూరు కాలేజీలో బాటనీ లెక్చరరు. అడిగితే, "ఏ చెట్టు ఏ చెట్టుకు చుట్టమో తేలుస్తున్న" అంటడు. మా చుట్టాలొస్తే మాత్రం గుర్తుపట్టడు.

తొంభైఆరు ఎండకాలంల, కాలేజీ తోటల రోజుకూలీ చేసే గులాబ్‌బీతోని రెండు పొట్లాలు కోయించిండు. ఒకటి తెల్లమద్ది ఆకు, ఒకటి నల్లమద్ది ఆకు. వాటిల పచ్చదనమిచ్చే హరితరేణువుల డీఎన్ఏ పోల్చమని హైదరాబాదు ల్యాబుకు పంపిండు. "రెండూ ఒకటే. ఒకే చెట్టు ఆకు రెండుసార్లు పంపినట్టున్నరు" అని జాబొచ్చింది.

సారు పరువు పోయిందట. ప్రిన్సిపాల్ గదిలో నలుగురి ముందు గులాబ్‌బీని నిలబెట్టిండు.

"ఆకులు కలిపినవ్."

"లేదు సారూ. గా నల్లమద్దిని మొలిపించిందే నేను. తెల్లమద్ది కింద కాయ ఏరి నాటిన."

"బెరడు మొసలి తోలు లెక్కుంది. అది తెల్లమద్ది పిల్లనా? నాకే నేర్పుతవా?"

మర్నాటి నుంచి ఆమెకు పని బంద్. మా వంటింటి గడపల నిలబడి, "అమ్మా, నేను అబద్ధాలదాన్నా?" అన్నది. నాకు ఒళ్లు మండింది.

నేనూ బాటనీ చదివిందాన్నే. అన్నం వడ్డించుకుంట అడిగిన.

"హరితరేణువులు తల్లి నుంచి వస్తయా, తండ్రి నుంచా?"

"మద్దిల తల్లి నుంచే. ఎందుకు?"

"ఊకెనే. పప్పు వేసుకోండి."

చెప్పింది ఈయనే, అందనిది కూడా ఈయనకే. తెల్లారి తోటకు పోయి రెండు చెట్ల లేతాకులు నా చేత్తోనే కోసిన. సారు లెటర్‌ప్యాడ్ మీద గులాబ్‌బీ మాట రాసి, కింద నా పేరు పెట్టి పంపిన.

నెలకు జవాబొచ్చింది: "మళ్లీ అదే ఫలితం. ఆమె చెప్పింది నిజమే అయ్యుండాలి. తల్లి తెల్లమద్ది, పుప్పొడి నల్లమద్దిది. అందుకే రూపం తండ్రిది, హరితరేణువులు తల్లివి."

సారు రెండుసార్లు చదివిండు.

"ఆమెను ఇంటికి పిలువు. చెప్త."

"ఇంట్ల అన్నరా? నలుగురి ముందట అన్నరు. గాడనే చెప్పాలె. అప్పటిదాక పొయ్యి వెలగదు."

పూటన్నర ఆగిండు. తర్వాత ముగ్గురం ప్రిన్సిపాల్ గదికి పోయినం. స్టాఫ్ కూడా ఉన్నరు.

"ఈమెను పనిలకు తీసుకోండి సార్" అన్నడు, ఫ్యాను దిక్కు చూసుకుంట.

"ఆకులు కలిపిందన్నరు కదా?"

సారు నా దిక్కు చూసిండు. నేను చూపు తిప్పలేదు. అప్పుడు గులాబ్‌బీ వైపు తిరిగిండు.

"నువ్వు కలపలేదు గులాబ్‌బీ. నువ్వు చెప్తుంటే నేనే వినలేదు. తప్పు నాదే."