బీరువా మీది చీటీ

నెదర్లాండ్స్‌లో ఉద్యోగం కోసం నేర్చుకుంటున్న డచ్ క్రియలు ఎంత బట్టీపట్టినా మర్నాటికి ఆవిరైపోతుంటే, ఒక నర్సు ఇంటినిండా చీటీలు అంటించుకుంది. తలుపు మీద ‘తెరవడం’కి డచ్ మాట, మంచం మీద ‘పడుకోవడం’కి, బీరువా మీద ‘తోయడం’కి. మాట గుర్తురాకపోతే కళ్ళు మూసుకుని గుమ్మం దగ్గర్నుంచి ఇల్లంతా మనసులోనే తిరిగొచ్చేది.

పరీక్ష రోజు పొద్దున స్నానం చేసి వచ్చేసరికి అత్తగారు ఒక్కతే బీరువాను పక్క గోడకు నెడుతోంది.

"కిటికీ దగ్గర నీ టేబుల్ వేద్దామని. గాలొస్తుంది కదమ్మా."

"నా కొంప ముంచారు కదత్తయ్యా!" అని అరిచి, అన్నం కూడా తినకుండా వెళ్ళిపోయింది.

నోటి పరీక్షలో మేడం ఒక బొమ్మ చూపించి, ఏం చేస్తున్నారో డచ్‌లో చెప్పమంది. ఆగిపోయిన కారును ఎవరో తోస్తున్నారు. నర్సు కళ్ళు మూసుకుంది. బీరువా ఉండాల్సిన చోట బోసి గోడ. కంగారుగా ఇల్లంతా వెతికితే, నడుం వంచి రొప్పుతున్న అత్తగారు కనిపించింది. ఆవిడ ముక్కుకు ఎదురుగానే చీటీ.

"డ్యూవెన్!"

మేడం మార్కు వేసుకుంది. నర్సుకు మాత్రం ఇంకో మాట గుర్తొచ్చింది. దానికి చీటీ అక్కర్లేదు, ఇంటికెళ్ళి అత్తగారికి తెలుగులోనే చెప్పాలి.