చివరి స్టాండు దగ్గర ఇద్దరు

కళ్లద్దాల దుకాణం వెనకగదిలో అతను అప్పటికి పదకొండో అద్దం అంచు అరగదీస్తున్నాడు. తిరిగే రాయి మీద నీళ్లు సన్నగా కారుతున్నాయి. వెంట్రుకవాసి తేడా వచ్చినా అద్దం ఫ్రేములో కూర్చోదు. అతని వేళ్లు వణకలేదు. ఇక్కడ ఎప్పుడూ వణకవు.

వణికేది వేదిక మీదే. పంతొమ్మిదేళ్ల కిందట నిండు సభలో అతని వయొలిన్ కమాను తీగల మీద కప్పలా గెంతింది. వాయించడం మధ్యలో ఆపి, అందరూ చూస్తుండగానే లేచిపోయాడు. పెట్టెలో పడేసిన వయొలిన్‌ని మళ్లీ ముట్టుకుంది రెండేళ్ల కిందటే. ముందు గోడకెదురుగా, తర్వాత భార్య ముందు, ఆ తర్వాత పక్కింటివాళ్ల ముందు వాయించి, చివరికి ఊరి ఆర్కెస్ట్రాలో, స్వరాల కాగితాలు పెట్టుకునే ఆఖరి స్టాండు దగ్గర చోటు సంపాదించాడు.

ఒక్కో స్టాండుకు ఇద్దరు. లోపలి కుర్చీవాడు పేజీలు తిప్పాలి. ఆ పని ఇతనిది. బయటి కుర్చీలో దర్జాగా బావమరిది.

బావమరిదికి భయమంటే తెలియదు. కడుపునిండా తిని, జోకులేసుకుంటూ వచ్చి కూర్చుంటాడు. వాయిస్తుంటే మోచెయ్యి నెమలి మెడలా ఊగుతుంది. ఆ మోచేతిని చూసినప్పుడల్లా ఇతని కడుపు మండిపోతుంది. పది నెలలుగా అదే మంట.

"మా తమ్ముణ్ణి చూసి నేర్చుకోండి" అంది భార్య, మధ్యాహ్నం భోజనం దగ్గర. "మీరేమో పరీక్షకెళ్లే పిల్లాడిలా కంచం కెలుకుతున్నారు."

"మీ తమ్ముడికి గుండె ఉండాల్సిన చోట గుండ్రాయి ఉంది."

సాయంత్రం, కచేరీకి పావుగంట ముందు, ఆర్కెస్ట్రాని నడిపించే కండక్టర్ గబగబా వచ్చాడు. "ఆ నెమ్మది భాగం అందరూ కలిసి వాయిస్తే గోలగా ఉంది. మీ ఆఖరి స్టాండు ఒక్కటే వాయించండి."

ఇతను కమాను మర బిగించి, వదులు చేసి, మళ్లీ బిగించాడు. బావమరిది నవ్వాడు. "ఆ మొహమేంటి బావా? జనం పరామర్శకొచ్చామనుకుంటారు."

ఆ భాగం వచ్చింది. మిగతా పది వయొలిన్లూ ఒళ్లోకి దిగాయి. ఇతను కమాను ఆనించాడు. అది వణికింది. ఊపిరి వదిలి లాగాడు. స్వరం నిలబడింది.

అప్పుడు తెలిసింది. రెండు వయొలిన్లు మోగాల్సిన చోట ఒక్కటే మోగుతోంది. తనది.

ఓరకంట చూశాడు. పక్క కమాను దర్జాగా పోతోంది, వస్తోంది. తీగల కింద రోజిన్ పొడి ఆనవాలు కూడా లేదు. కమాను వెంట్రుకలకు రోజిన్ అనే ఆ జిగురు బిళ్ల రుద్దకపోతే అది తీగ మీద జారిపోతుందే తప్ప చప్పుడు రాదు. వీడు ఎన్నడూ రుద్దలేదు. పన్నెండు మందిలో ఒకడు మోగకపోతే ఎవరికి తెలుస్తుంది?

విరామంలో కండక్టర్ నేరుగా వచ్చి బావమరిది భుజం తట్టాడు. "ఏం వాయించావయ్యా! హాలంతా ఊపిరి బిగబట్టింది." ఇతనికేసి తిరిగి, "మీరూ పేజీ చప్పుడు కాకుండా తిప్పారు" అనేసి వెళ్లాడు.

"ఎన్నాళ్లుగా?" అడిగాడు ఇతను.

"మొదటిరోజు నుంచీ బావా." ఈసారి నవ్వు లేదు. పై పెదవి మీద చెమట. "తీగ మీద నొక్కాలంటే చెయ్యి చచ్చుబడిపోతుంది. నువ్వేమో వణుకుతూనే వాయిస్తావు. పది నెలలుగా నిన్ను చూసి కుళ్లి చస్తున్నా. అక్కకి చెప్పకు. నువ్వు పద, వస్తాను."

రాలేదు. వయొలిన్ పెట్టెతో వెనకదారిన వెళ్లిపోయాడని కాపలాదారు చెప్పాడు.

తను పారిపోయినప్పుడు సభంతా చూసింది. వీడు మెప్పు మూటగట్టుకుని మరీ పోయాడు. దానికీ అసూయే వేసింది ఇతనికి.

దీపాలు తగ్గాయి. బయటి కుర్చీ మీద రోజిన్ బిళ్ల ఒకటి ఉంది. కొన్ననాటి నిగనిగ అలాగే, ఒక్క గీత కూడా పడకుండా.