మడమ మీద పొడి గీత

పొద్దున అయిదున్నరకి ఈతకొలను తలుపులు తెరిచేది తుడిచే ఆవిడ. లైట్లు వేసి, బకెట్టు నింపి, అందులో ఒక మూత ఫినాయిలు పోసి, గట్టు చుట్టూ పరిచిన తెల్ల పలకల్ని లోతు వైపు నుంచి తుడుచుకుంటూ వచ్చేది. నిచ్చెన దగ్గరికి వచ్చేసరికి పక్కకి ఒదిగి నడిచేది. అక్కడి నుంచి పంపు గది తలుపు దాకా పదకొండు తడి అడుగులు ఉంటాయి. అన్నీ ఎడమ పాదానివే. వాటిని తుడిచి లాభం లేదని ఆవిడకి మొదటి వారంలోనే తెలిసిపోయింది. తుడిచి గుడ్డ పిండుకునేలోపు మళ్లీ తేలతాయి.

అవి ఈత టీచరు పోగొట్టుకున్న కాలి అడుగులని అందరికీ తెలుసు. మేనేజరు వాటి పక్కన "తడిగా ఉంటుంది, జాగ్రత్త" అని పసుపుపచ్చ బోర్డు పెట్టించాడు. పొద్దున బ్యాచ్‌లో ఈదడానికి వచ్చే రిటైరైన సర్వేయరు ఒకాయన ఊరికే ఉండలేక పాదం కొలిచి, ఇరవై నాలుగు సెంటీమీటర్లని చెప్పాడు. అంతకు మించి ఎవరూ పట్టించుకోలేదు.

పట్టించుకున్నది టీచరు ఒక్కతే. ఆరింటికి ముందే చంకకర్రల మీద వచ్చి, సంచి పక్కన పడేసి, గోడవారన చుట్టి పెట్టిన రబ్బరు పట్టా తెచ్చి ఆ అడుగుల మీద పరిచేది. ఎవరైనా జారిపడతారని చెప్పేది. అసలు సంగతి మడమలో ఉంది. ఆ తడి గుర్తుల్లో మడమ దగ్గర ఒక గీత మేర మాత్రం పొడిగా ఉండేది. అడ్డంగా, కాస్త ఏటవాలుగా, చిటికెన వేలి గోరంత పొడవు. పదకొండింటిలోనూ అదే చోట.

"మీ కాలు మళ్లీ షికారు చేసొచ్చిందమ్మా," అనేది తుడిచే ఆవిడ.

"దాని సంగతి నేను చూస్తాలే. నువ్వు అటు కానివ్వు."

"మా ఆయనా ఇంతే. ఎన్నిసార్లు చెప్పినా తడికాళ్లతోనే ఇంట్లోకొస్తాడు."

ఆ కొలనుకి ఒక పద్ధతి ఉంది. నీళ్లలోకి దిగే ప్రతివాళ్లూ ముందు స్నానాల గది గుమ్మం దగ్గర ఆగి, బల్ల మీద కూర్చుని, రెండు పాదాలూ చూపించాలి. పదిహేడేళ్ల పాటు వాటిని చూసింది పంపు బాబాయ్. నీళ్లని వడపోసే యంత్రాలూ, నీళ్లలో కలిపే మందులూ ఆయన చేతి కిందే ఉండేవి. పుండు గానీ కోత గానీ కనపడితే ఆయన అనేది ఒకటే మాట: "మానాక రా." మేనేజరు బావమరిదిని కూడా అదే మాట చెప్పి వెనక్కి పంపాడు. గోడ మీది నియమాల బోర్డులో మూడోది అదే, గాయం ఉన్నవాళ్లు దిగరాదని. ఆ అక్షరాలు రాసింది టీచరే. టీచర్లు మాత్రం పాదాలు చూపించనక్కర్లేదు. ఎదుటివాళ్లకి చెప్పేవాళ్లని ఎవరు తనిఖీ చేస్తారు?

కిందటేడు ఒక బుధవారం నాడు ఇంటి గేటు రేకు ఆమె ఎడమ మడమని కోసింది. ఆదివారం పోటీలు. నూరు మీటర్లలో అయిదేళ్లుగా ఆమెకి ఎదురు లేదు. గురు, శుక్ర, శనివారాలు మడమకి ప్లాస్టరు అంటించుకుని నీళ్లలోకి దిగింది. శనివారం సాయంత్రం ఇంటికెళ్లి చూసుకుంటే ప్లాస్టరు లేదు, నీళ్లలో ఎక్కడో ఊడిపోయింది. ఆదివారం తెల్లారేసరికి ఒళ్లు పెనంలా కాలిపోతోంది. రక్తమంతా విషమైందని డాక్టర్లు అన్నారు. ఇరవై మూడు రోజుల తర్వాత ఆమె కంటికి మనుషులు ఆనడం మొదలుపెట్టేసరికి ఎడమ కాలు మోకాలి కింది నుంచి లేదు.

మరో మూడు రోజులకి మేనేజరు ఒక చేత్తో పళ్లూ ఇంకో చేత్తో ఫారమూ పట్టుకుని ఆస్పత్రికి వచ్చాడు.

"కమిటీవాళ్లు అడుగుతున్నారు మేడమ్. నీళ్లలో ఏమన్నా తేడా కనిపించిందా?"

ఆమె కిటికీ వైపు చూసింది. "రెండ్రోజులుగా కాస్త మురికిగా అనిపించాయి," అంది.

అంతే, ఒక్క వాక్యం. మేనేజరు దాన్ని ఉన్నదున్నట్టు రాసుకున్నాడు. పంపు బాబాయ్ రెండు గంటలకోసారి నీళ్లని పరీక్షించి అంకెలు వేసిన రిజిస్టరుని ఎవరూ తెరవలేదు. ఆ వారంలోనే ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేశారు. ఆమె తిరిగొచ్చేసరికి పంపు గదికి తాళం ఉంది. వారానికి మూడుసార్లు ఎవరో కాంట్రాక్టు మనిషి వచ్చి మందు పోసి పోతున్నాడు. పాదాలు చూసేవాళ్లు లేరు. నిచ్చెన నుంచి ఆ తలుపు దాకా మాత్రం అడుగులున్నాయి.

ఆ తర్వాత ఆమె పడ్డ కష్టం చూసి జనం ముక్కున వేలేసుకున్నారు. కమ్మీలు పట్టుకుని నిలబడటం, పెట్టుడు కాలితో పడటం, లేవడం, అది ఒరుసుకుంటే మళ్లీ చంకకర్రలు. నాలుగో నెలలో నీళ్లలోకి దిగింది. ఒంటికాలితో ఈదే మనిషి దుంగలాగా ఒక పక్కకి దొర్లిపోతుంది. చేతుల బార మార్చుకుని ఆ దొర్లుడుని ఆపుకోవడానికి ఆరు వారాలు పట్టింది. ఎనిమిదో నెలకి నూరు మీటర్లు నిమిషం యాభై సెకన్లలో ఈదుతోంది. ఇంకో అయిదు సెకన్లు తగ్గిస్తే వచ్చే నెల వికలాంగుల పోటీల్లో చోటు దొరుకుతుంది. ఆ అయిదూ మలుపుల దగ్గరే పోతున్నాయి. గోడని తన్నాల్సినప్పుడు ఎడమ వైపు మరీ ఖాళీగా ఉంటోంది.

"కాలు పోయినా అది ఇంకా ఉన్నట్టే అనిపిస్తుందంటారు చాలామంది," అంది వ్యాయామం చేయించే అమ్మాయి. "దురద పెడుతుందట, తిమ్మిరెక్కుతుందట. మీకెలా ఉంది?"

"ఏమీ అనిపించదు."

"అస్సలు?"

"అది నా దగ్గరుంటే కదా."

ఆ అమ్మాయి తలూపి, కాగితం మీద "బయటికెళ్లింది" అని రాసుకుంది.

పొద్దున బ్యాచ్‌వాళ్లు చప్పట్లు కొట్టినప్పుడల్లా టీచరు తల నీళ్లలో ముంచేసేది. మేనేజరు ఆమె ఫొటో పెద్దది చేయించాడు. నియమాల బోర్డు పక్కనే మేకు కొట్టించాడు. శనివారం పొద్దున చిన్న సభ పెట్టి ఫొటో తగిలించాలని ఏర్పాటు. ఆ రోజు నుంచి ఆమె ఆ గోడ వైపు చూడటం మానేసింది.

గురువారం సాయంత్రం అక్క కుట్టుమిషను ముందు కూర్చుని చెల్లెలి ఈతబట్టలు సరిచేస్తోంది. ఊళ్లో వాళ్ల జాకెట్లన్నీ పక్కన పెట్టి మరీ.

"ఎల్లుండి సభకి ఏం కట్టుకుంటావే?"

"ఒంట్లో బాగాలేదని చెప్పేద్దామనుకుంటున్నా."

"నువ్వు వెళ్లకపోయినా ఫొటో వెళ్తుంది. దానికి రెండు కాళ్లూ ఉన్నాయి."

అక్క మిషను ఆపింది.

"ఆ కాలు రోజూ ఆయన తలుపు దాకా పోయొస్తోంది. కాలికున్న బుద్ధి మనిషికి లేకపోయింది."

"నీకు తెలుసా?"

"ప్లాస్టరు డబ్బా కొనుక్కొచ్చింది నేనే కదే. చెప్పు కరిచిందన్నావు. చెప్పు కరిస్తే మడమ కోసినట్టు తెగుతుందా?" అక్క దారం కొరికింది. "నువ్వు బతికితే చాలనుకుని నోరు మూసుకున్నాను. నా సిగ్గు నాది. నీది నువ్వు చూసుకో."

మర్నాడు మధ్యాహ్నం ఆమె మోటార్లు బాగుచేసే కొట్టుకి వెళ్లింది. పంపు బాబాయ్ అక్కడ కూలికి పనిచేస్తున్నాడు. ఒళ్లో మోటారు పెట్టుకుని రాగితీగ చుడుతున్నాడు.

"రా అమ్మాయ్. ఆ స్టూలు ఊగుతుంది, ఇటు కూర్చో."

ఆమె కూర్చోలేదు. "బాబాయ్, నీళ్లు శుభ్రంగానే ఉన్నాయి."

"ఆగు, లెక్క తప్పుతుంది," అన్నాడాయన. "నూట పన్నెండు, నూట పదమూడు…"

నూట యాభై దాకా చుట్టాడు. అంతసేపూ ఆమె చంకకర్రల మీద నిలబడే ఉంది. తర్వాత ఆయన చెయ్యి తుడుచుకుని, అరలోంచి పాత బిస్కెట్ల డబ్బా దించాడు. వడపోత బుట్టలో చిక్కుకున్న ఏ వస్తువునీ ఆయన పారేసేవాడు కాదు. జడపిన్నులు, బొత్తాలు, ఒంటి చెవిపోగు, ఎవరిదో కట్టుడు పన్ను. అడుగు నుంచి ఒక కాగితం పొట్లం తీశాడు. దాని మీద తేదీ వేసి ఉంది. లోపల ప్లాస్టరు, మధ్యలో ఎండిన నెత్తుటి గీత.

"ఆదివారం పొద్దున బుట్టలో దొరికింది. మడమకి తప్ప ఇంకెక్కడా ఇలా ఒంగదు. పాదాలు చూపించకుండా దిగేది మీ ఇద్దరు టీచర్లే. రెండో ఆవిడ ఆ వారం సెలవు."

"తెలిసీ ఎందుకు చెప్పలేదు?"

"అప్పుడు నువ్వు చావుబతుకుల్లో ఉన్నావు. తర్వాత చెబుదామంటే, కాలు పోయిన పిల్ల మీద చాడీలేమిటని మీ పిన్ని కోప్పడింది. నువ్వే చెబుతావనుకున్నాను. అనుకుంటూనే ఉన్నాను."

"తప్పయిపోయింది బాబాయ్."

"నాకు తెలిసిందే నాకు చెబితే ఏం లాభం?" ఆయన గొంతు పెంచలేదు. "ఇక్కడ టీ పట్టుకొచ్చే ఆవిడ రోజూ అడుగుతుంది, చేతులు కడుక్కున్నావా అని. వేళాకోళానికే. నవ్వి, కడుక్కున్నానంటాను." డబ్బా మూసి అరలో పెట్టాడు. పొట్లం మాత్రం ఆమె చేతికిచ్చాడు. "ఆ మాట ఎవరితో అన్నావో ఈ మాటా వాళ్లతోనే అను."

శనివారం నలభై మంది దాకా వచ్చారు. ఆమె ముందుగా తుడిచే ఆవిడని పిలిచి రబ్బరు పట్టా చుట్టించింది. మేనేజరు ధైర్యం గురించి పది నిమిషాలు మాట్లాడి మైకు అందించాడు.

"ఈ అడుగుల్లో మడమ చూడండి," అందామె. "ఆ గీత నాకు నీళ్లలోకి దిగక ముందే ఉంది. దాచిపెట్టి దిగాను. పంపు బాబాయ్ నీళ్లలో ఏ దోషమూ లేదు. ఉందని అబద్ధం చెప్పింది నేను."

జనం వంగి చూశారు. సర్వేయరు మోకాళ్ల మీద కూర్చుని పదకొండూ వరసగా చూసి, ఏమీ కొలవకుండా లేచాడు. వెనక ఎవరో అలవాటుకొద్దీ చప్పట్లు మొదలుపెట్టి ఆపేశారు.

"ఇప్పుడివన్నీ ఎందుకు మేడమ్," అన్నాడు మేనేజరు మైకు మీద చెయ్యి అడ్డంపెట్టి. "కావాలంటే కాగితం మీద రాసివ్వండి, నిదానంగా చూద్దాం."

"రాశాను. మీ బల్ల మీద ఉంది. ప్లాస్టరు కూడా."

సోమవారం కమిటీ కూర్చుంది. రిజిస్టరు తెరిచారు. పంపు బాబాయ్‌ని పనిలోకి రమ్మన్నారు. టీచరుని ఆరు నెలలు పాఠాలు చెప్పకుండా పక్కన పెట్టారు. పోటీలకి ఆమె పేరు పంపుతూ రాసిన ఉత్తరం వెనక్కి తీసుకున్నారు. ఫొటో బీరువా వెనక్కి వెళ్లింది. మేకు ఖాళీగా ఉండటంతో పంపు బాబాయ్ తన తాళాల గుత్తి దానికి తగిలించాడు.

ఆయన వచ్చిన మొదటి రోజున అడుగులు ఎదురు తిరిగి ఉన్నాయి. పంపు గది గడప దగ్గర మొదలై నిచ్చెన దగ్గర ఆగాయి, వేళ్లు నీళ్ల వైపుకి.

"ఇవాళ తిరుగు ప్రయాణం," అంది తుడిచే ఆవిడ, పక్కకి ఒదుగుతూ.

టీచరు ఆ పొద్దున అందరితో పాటు వరసలో నిలబడింది. తన వంతు రాగానే బల్ల మీద కూర్చుని కుడి పాదం చాపింది. పంపు బాబాయ్ మడమ చూశాడు, వేళ్ల సందులు చూశాడు.

"రెండోది."

ఆమె మొహం కందిపోయింది. తొడుగు తీసి మోకాలి కింద మిగిలిన కాలు చూపించింది. ఆయన అంతే శ్రద్ధగా చూసి, ఒక చోట వేలు ఆనించాడు.

"ఇక్కడ ఒరుసుకుని చర్మం లేచింది."

"చిన్నదే బాబాయ్."

"మానాక రా."

పదిహేడేళ్లుగా ఎంతమందికి చెప్పాడో, అదే గొంతుతో చెప్పాడు. ఆమె తొడుగు వేసుకుని, గట్టు మీద బల్ల దగ్గరికి వెళ్లి కూర్చుంది. వరసగా నాలుగు రోజులు వచ్చింది, చూపించింది, కూర్చుంది. ఆ నాలుగు రోజులూ అడుగులు నిచ్చెన దగ్గర ఆరిపోకుండా ఉన్నాయి.

అయిదో రోజు ఆయన కాలు చూసి, తల పక్కకి తిప్పి, "దిగు," అన్నాడు.

మొదటి మలుపు దగ్గర గోడని కుడి పాదంతో తన్నింది. దాని పక్కన ఇంకేదో కూడా తన్నింది. మడమలో చురుక్కుమంది. ఏడాది కిందటి కోత, అదే చోట. ఆమె ఆ నొప్పితోనే మిగతా రెండు మలుపులూ తిరిగింది. వడపోత దగ్గర నిలబడ్డ పంపు బాబాయ్ తన చేతి గడియారం చూసుకున్నాడు. ఎంతైందో చెప్పలేదు, ఆమె అడగలేదు.

నిచ్చెన కమ్మీ పట్టుకుని ఆమె పైకొచ్చింది. తెల్ల పలక మీద కుడి పాదం గుర్తు పడింది. దాని పక్కనే ఎడమది కూడా పడింది, మడమ మీద గీతతో సహా. అందరికీ కనిపించేంత స్పష్టంగా ఉంది. ఆమె పట్టా కోసం చూడలేదు.

తుడిచే ఆవిడ బకెట్టు కింద పెట్టి, రెంటినీ చూసి నిట్టూర్చింది.

"ఇంతకాలం ఒకటే అనుకున్నా. ఇక రోజూ జతగానన్నమాట."