పక్కింటి ఓటు

వాళ్ళమ్మ సంపూర్ణమ్మ పంచాయతీ వార్డు మెంబరుగా నామినేషన్ వేసిన రోజు నుంచి మెర్సీ నడకే మారిపోయింది. కడియం పక్క ఊళ్ళో, నర్సరీలో అంటుమొక్కలు కట్టే మనిషి సంపూర్ణమ్మ. ఎదురు నిలబడిందేమో ఎరువుల కొట్టు బుజ్జిబాబు. అయినా సరే, గెలిచేది అమ్మేనని తొమ్మిదో తరగతి మెర్సీ ఎప్పుడో తేల్చేసింది.

సరిగ్గా అప్పుడే సోషల్ చెప్పే తబిత టీచర్ క్లాసుకి ఒక పని అప్పజెప్పారు. ఆ వార్డులో ఎవరు ఎన్ని ఓట్ల తేడాతో గెలుస్తారో ఎవరికి వారు లెక్కగట్టి, కాగితం మీద రాసి, కవరులో పెట్టి అతికించాలి. ఓట్లు లెక్కపెట్టాకే కవర్లు విప్పుతారు. అంతవరకూ కన్నతల్లికైనా చెప్పకూడదు. ఎన్నికల పాఠం మొదలవగానే ఆవులించే పిల్లలు ఒక్కసారిగా లేచి కూర్చున్నారు.

వార్డంతా తిరగడానికి రెండు జట్లు కట్టారు. ఒకదానికి మెర్సీ లీడరు, రెండోదానికి బుజ్జిబాబు మేనల్లుడు లోకనాథ్. అక్కడే వచ్చింది తంటా. మనవాళ్ళకి ఎదుటి మనిషి మొహం మీద కాదనడం చచ్చినా చేతకాదు. మెర్సీ వెళ్తే "మీ అమ్మకేనమ్మా" అన్నారు, లోకనాథ్ వెళ్తే "మీ మావయ్యకే బాబూ" అన్నారు. ఆ మాట కూడా మంచినీళ్ళిచ్చి, కూర్చోబెట్టి మరీ అన్నారు. తీరా బోర్డు మీద కూడి చూస్తే, వార్డులో ఓట్లు రెండొందల ఎనభై, వీళ్ళకి దొరికిన మాటలు నాలుగొందల తొంభై.

క్లాసంతా పడీ పడీ నవ్వింది. మెర్సీకి మాత్రం ఒళ్ళు మండింది. ఆ రాత్రి అన్నం దగ్గర కూడా అదే ఆలోచన. తెల్లారాక నోట్సు పట్టుకుని మళ్ళీ బయల్దేరింది. ఈసారి ప్రశ్న మార్చింది.

"మీ ఓటు సంగతి నాకొద్దండి. మీ పక్కింటివాళ్ళు ఎవరికేస్తారంటారు?"

అంతే, జనానికి నోళ్ళు లేచాయి. తమ ఓటు గురించి గుట్టు విప్పని వాళ్ళు పక్కింటి ఓటు గురించి పూస గుచ్చినట్టు చెప్పేశారు. చివరి వీధిలో నూకరత్నం అనే ముసలావిడ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూనే ఇరవై ఇళ్ళ జాతకం చెప్పింది.

"మా వరసలో ఆడోళ్ళంతా మీ అమ్మకేనే. కానీ ఏం లాభం? పొద్దున్నే ఆరింటికల్లా నర్సరీ ఆటో వచ్చేస్తది. తిరిగొచ్చేసరికి ఐదు. ఓట్లు మూడున్నరకే అయిపోతాయంట కదా. పోయిన ఎలచ్చన్లో కూడా ఒక్కత్తీ వెయ్యలేదు."

అలా ఆగిపోయే ఓట్లు ఇరవై నాలుగు. అవి తీసేసి మెర్సీ మూడుసార్లు కూడింది. మూడుసార్లూ అమ్మ పదహారు ఓట్లతో ఓడిపోయింది.

మెర్సీకి ఏడుపొచ్చింది. కాగితం మీద అమ్మ గెలుస్తుందని రాసేస్తే అడిగేవాళ్ళు లేరు. కానీ తన లెక్క మీద దానికి ఎంత నమ్మకమంటే, అబద్ధం రాయడానికి చెయ్యి రాలేదు. ఉన్నదున్నట్టు రాసి, కవరు అతికించి, టీచర్ చేతిలో పెట్టి అడిగింది.

"నర్సరీ ఆటో కాసేపు ఆపమని అక్కడి మేస్త్రిని అడగొచ్చా టీచర్?"

"ఇది తొండి టీచర్," అన్నాడు లోకనాథ్.

"ఫలానా వాళ్ళకి వెయ్యమని అడిగితే తొండి. ఓటేసి రానివ్వమని అడిగితే తొండి ఎలా అవుతుందిరా? మీ మావయ్య వైపు వాళ్ళు ఎవరైనా అలా ఆగిపోతుంటే నువ్వూ వెళ్ళి అడుగు," అన్నారు తబిత టీచర్.

పోలింగు నాడు ఇంకా వెలుగు రాకముందే మెర్సీ మేస్త్రి వీరబాబు గుమ్మంలో నిలబడింది.

"లారీ పదింటికి కదలాలమ్మా. మొక్కలు ఎక్కించేదెవరు?" అన్నాడతను.

"ఆరున్నరకే బూత్ తెరుస్తారు బాబాయ్. ముందు వరసలో నిలబడితే ఎనిమిదికల్లా తోటలో ఉంటారు. ఎవరికేస్తారో నేనడగను, మీరూ అడగొద్దు. వెయ్యనివ్వండి చాలు."

వీరబాబు తల గోక్కున్నాడు. తర్వాత ఆడవాళ్ళని ఎక్కించుకుని, ఆటోని తిన్నగా బూత్ పెట్టిన స్కూలు గేటు దగ్గరికే పట్టుకొచ్చాడు. రెండో ట్రిప్పు కూడా వేశాడు.

సాయంత్రం అదే స్కూల్లో లెక్కింపు. సంపూర్ణమ్మకి నూట ముప్పై ఒకటి, బుజ్జిబాబుకి నూట ఇరవై ఆరు. అయిదు ఓట్లతో సంపూర్ణమ్మ గెలిచింది. బయట వేపచెట్టు కింద పిల్లలు మూగితే తబిత టీచర్ కవర్లు విప్పడం మొదలుపెట్టారు. మెర్సీ కాగితం వంతు వచ్చేసరికి, మెడలో దండతో సంపూర్ణమ్మ వెనకే వచ్చి నిలబడింది.

"బుజ్జిబాబు గారు, పదహారు ఓట్ల మెజారిటీ," అని చదివారు టీచర్.

లోకనాథ్ ఈల వేశాడు. సంపూర్ణమ్మ మొహం వాడిపోయింది.

"నేను ఓడిపోతానని రాశావటే నువ్వు?"

"రాశానమ్మా," అంది మెర్సీ, తల దించకుండా. "రాశాకే గదా, వీరబాబు బాబాయి ఇంటికి పరిగెత్తాను."

చివరి వీధి ఆడవాళ్ళు పనిబట్టల మీదే పొద్దున బూత్ ముందు ఎందుకు బారులు తీరారో సంపూర్ణమ్మకి అప్పుడు తెలిసింది. మెడలో దండ తీసి కూతురి మెడలో వేసింది.