రెండు కొడితే పోనివ్వాలి

మా బండికి రెండు మాటలే వచ్చు. వెనక నుంచి రేకు మీద రెండుసార్లు కొడితే పోనివ్వమని, ఒక్కసారి కొడితే ఆపమని. ఇళ్ల సామాన్లు ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేర్చడం మా పని. స్టీరింగు దగ్గర మా తమ్ముడు, వెనక టాపు లేని బాడీలో సామాన్ల మధ్య నేను. ఇంజను మోతలో అరుపు వినపడదు, దెబ్బ వినపడుతుంది. ఏడేళ్లుగా ఇలాగే నడుస్తోంది.

మాతో పాటు మా కుక్క. పేరు మేనేజరు. ఒక్క పనీ చేయడు, అందరి పనీ దగ్గరుండి చూస్తాడు, అందుకని. వాడూ నాతో వెనకే. అంచు మీద ముందుకాళ్లు పెట్టి, నాలుక వేలాడేసి, ఊరంతా తనదే అన్నట్టు నిలబడతాడు. దారిన పోయేవాళ్లు ఫొటోలు తీస్తుంటే తమ్ముడికి ఎక్కడలేని గొప్ప.

"ఏదో ఒకరోజు పడతాడురా" అని నేను నెత్తీనోరూ కొట్టుకునేదాన్ని.

"వాడు పడే రకం కాదక్కా. గాలి తగిలితే సరదా వాడికి."

ముందు సీట్లో కూర్చోబెట్టమంటే జనాల టీవీలూ అద్దాలూ ఎక్కడ పెట్టాలంటాడు. అదీ నిజమే.

కిందటి నెల పిల్లిని చూసి మేనేజరు దూకబోతే తోక పట్టుకుని ఆపాను. మర్నాటి నుంచి నేనే వాడిని కట్టేయడం మొదలుపెట్టాను. సామాన్లు కట్టే తాడే మెడకి వేసి, రెండో కొస బండి కొక్కేనికి. పాపం, అటూఇటూ తిరిగి చూసుకుంటాడని కాస్త వదులు కూడా ఇచ్చాను. ముడి మాత్రం నా చేతికి అలవాటైనదే, బీరువాలకి వేసేది. లాగేకొద్దీ బిగుసుకుంటుంది తప్ప సడలడమన్నది ఉండదు. ఆ ముడి నాలా ఎవరూ వేయలేరని నాకు కాస్త పొగరు కూడా. బీరువాకి ఊపిరి ఆడక్కర్లేదని, కుక్కకి ఆడాలని నా బుర్రకి తట్టలేదు.

ఆ రోజు పొద్దున పదకొండు గంటలకి రెండో ట్రిప్పు. బీరువా, ఫ్రిజ్జు, ఎడమపక్కకి పొడుచుకొచ్చిన పెద్ద పరుపు. ఆ పరుపు అడ్డం వచ్చి తమ్ముడికి ఎడమ అద్దంలో ఏమీ కనపడదు. కనపడకపోతే ఏం, వెనక నేనున్నాను!

సిగ్నల్ దగ్గర ఆగిన కుదుపుకి గరిటెలున్న బకెట్ ఒకటి రోడ్డు మీద పడి దొర్లింది. దిగే ముందు ఒక దెబ్బ కొట్టాలి. బండి ఎలాగూ ఆగే ఉంది కదా అని కొట్టలేదు. గబుక్కున దిగి బకెట్ వెనక పరిగెత్తాను.

వెనక్కి తిరిగేసరికి మేనేజరు అంచు ఎక్కి ఉన్నాడు. నేను దిగిపోయానని వాడి గోల.

"వద్దురా, ఉండు!"

నా గొంతు విని దూకేశాడు.

తాడు నేలదాకా రాలేదు. మెడ దగ్గర పట్టేసి, బండి ఎడమపక్కన, పరుపు వెనక వేలాడాడు. వెనకకాళ్లు రోడ్డుకి అందీ అందకుండా ఉన్నాయి. గిలగిలా తన్నుకుంటుంటే ఆ కాళ్లు రేకుకి తగిలాయి.

ధన్. ధన్.

అప్పుడే పచ్చలైటు పడింది. మా తమ్ముడు బండి పోనిచ్చాడు.

"ఒరేయ్, ఆపరా!" అని గొంతు చించుకున్నాను. వినపడితేగా! ముందు బస్సు అడ్డముండి బండి నెమ్మదిగానే పోతోంది. నాలుగు షాపులు దాటితే ఫ్లైఓవర్. అక్కడ గేరు మారుస్తాడు. ఇక నేను అందుకోలేను, కుక్క దక్కదు. చెప్పులు వదిలేసి పరిగెత్తాను.

బైకు మీద ఒకాయన పక్కనుంచి పోతూ "కుక్క వేలాడుతోందమ్మా!" అని నాకే చెప్పాడు. ముందుకెళ్లి డ్రైవరుకి చెప్పు నాయనా అనడానికి నాకు ఊపిరి లేదు.

ఎలాగో బండిని అందుకున్నాను. రేకు మీద అరచేత్తో ఒక్కటి కొట్టాను, ఆపమని. ఆ వెంటనే మేనేజరు కాలు తగిలింది. నాదొకటి, వాడిదొకటి, రెండయ్యాయి. బండి ఇంకాస్త ముందుకి ఉరికింది.

వాడు తన్నుకున్నంతసేపూ నేను ఎన్ని కొట్టినా లెక్క తప్పుతూనే ఉంటుంది. ముందు ఆ కాళ్లు ఆగాలి.

పరిగెత్తుతూనే వాడి పొట్ట కింద చెయ్యి వేసి పైకి ఎత్తాను. రెండో చేత్తో కాళ్లు గుండెకి అదుముకున్నాను. పాతిక కిలోల బరువు. గోళ్లు నా మెడ గీరేశాయి. "కదలకురా నాన్నా, ఒక్క క్షణం, నా బంగారం కదూ." కదలడం మానేశాడు. నా మాట విని మానేశాడో, ప్రాణం పోయి మానేశాడో తెలియలేదు.

చేతులు రెండూ ఖాళీ లేవు. నుదురు రేకుకేసి బాదాను.

ధన్.

బండి ఆగింది.

"రెండు కొట్టి పోనివ్వమంటావు, మళ్లీ ఆపమంటావు, ఏంటక్కా..." అంటూ దిగిన తమ్ముడు మమ్మల్ని చూడగానే పరిగెత్తుకొచ్చాడు. ముడి వేళ్లకి లొంగలేదు. నేను వేసిన ముడి మరి! నా నడుముకున్న అట్టపెట్టెల కట్టరు లాగి తమ్ముడే తాడు కోశాడు. మేనేజరు ఒక పెద్ద గుక్క గాలి పీల్చి దగ్గాడు. నేను నడిరోడ్డు మీద కూర్చుని భోరున ఏడ్చాను.

"మరి రెండు కొట్టిందెవరు?"

"వాడే. నేను కట్టిన తాడుకి వేలాడుతూ."

"నేనేమో విని పోనిచ్చాను" అంటూ తమ్ముడు నా పక్కనే కూలబడ్డాడు.

కుక్క బతికింది. అరుపు మాత్రం బొంగురుపోయింది. కట్టినా కట్టకపోయినా అసలు వెనక ఎక్కించడమే తప్పని పశువుల డాక్టరు మా ఇద్దరికీ సమానంగా చీవాట్లు పెట్టాడు.

రెండు రోజుల తర్వాత మేనేజరుని ముందు సీట్లో ఛాతీకి పట్టీ వేసి కూర్చోబెట్టాం. నేను ఎప్పటిలాగే వెనక ఎక్కి రెండు కొట్టాను. బండి కదల్లేదు. మళ్లీ కొట్టాను. ఇంజను ఆగింది. తమ్ముడు దిగి బండి చుట్టూ తిరిగి, చక్రాల దగ్గర వంగి చూసి, నా ముందుకి వచ్చి నిలబడ్డాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. నన్ను, నేను ఒంటిచేత్తో పట్టుకున్న బీరువాని, నా నడుము దాకా కూడా రాని ఆ అంచుని చూశాడు.

"నువ్వు పడవా అక్కా?" అన్నాడు.

కుక్క కోసం అంత నోరు పారేసుకున్నదాన్ని, ఏడేళ్లలో ఆ మాట ఒక్కసారీ అనుకోలేదు.

"దిగు. ముందుకి రా."

సామాన్లన్నీ ఇంకో వరస తాడు వేసి కట్టాం. మేనేజరు పక్కన ఇరుక్కుని కూర్చున్నాను. వాడు తల నా ఒళ్లో పెట్టాడు. తమ్ముడు గేరు మీద చెయ్యి వేసి నా వంక చూశాడు. అలవాటుకొద్దీ నా చెయ్యి తలుపు రేకు మీదకి వెళ్లింది. వెనక్కి తీసుకుని, నోటితోనే చెప్పాను.

"పోనియ్‌రా."